చక్రాల మీద ఇల్లు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఇంటికే చక్రాలు తగిలించి రోడ్డుమీదికి తోలే కాలమొకటి వస్తుందని వారు అనుకొని ఉండరు. అనుకొని ఉంటే ఆ సామెతకు మూడో ముక్క కూడా చేర్చి ఉండేవారు. నిరుడు మేమొక ప్రయాణపు ట్రైలరు కొన్నాము. కొన్నది మొదలు ఇరుగుపొరుగువారు, బంధువులు, సంఘ సభ్యులు వేసిన ప్రశ్నలకు విడివిడిగా జవాబు చెప్పి అలసిపోయి, అందరికీ ఒక్కమారుగా చెప్పుదామని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ట్రైలరు అనగానే మన కోలారు జిల్లాలో అందరికీ గుర్తుకు వచ్చేది ట్రాక్టరు వెనుక టమోటా పెట్టెలు మోసుకొని మార్కెట్టుకు పోయే బండి. మాది ఆ జాతిదే గాని పైన కప్పు ఉన్నది. పొడవు 13 అడుగులు. జీపు వెనుక కొక్కెం తగిలించి లాగుకొనిపోవలెను. లోపల ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు పడుకొనవచ్చును. ఒక గ్యాసు పొయ్యి, చేతులు కడుగుకొనే తొట్టి, నీళ్ళ ట్యాంకు, ఒక మూల తలుపున్న మరుగుదొడ్డి ఉన్నవి. దీనికి వేరే నంబరు, వేరే రిజిస్ట్రేషను పుస్తకం. బెంగుళూరు దగ్గర ఒక షెడ్డులో తయారైనదట. మొదటి యజమాని నాలుగు ఊళ్ళు తిప్పి, తరువాత తోటలో చెట్టు కింద కొన్నేళ్ళు వదిలివేసినాడు. ఆయన వద్దనుంచి మేము తీసుకొన్నాము.

"ఈ వయసులో మీకెందుకండీ ఈ సరదా?" అని అడిగినవారే ఎక్కువమంది. సరదా కాదు. మా అమ్మకు ఎనభై రెండేళ్ళు. చాంపియన్ రీఫ్స్ కార్మికుల లైన్లలో పుట్టింది, ఆ లైన్లలోనే కాపురం చేసింది. ప్రయాణమంటే ప్రాణం. కాని గంటకొకసారి లేవవలసిన వయస్సు వచ్చింది. మూడేళ్ళ క్రితం కుప్పంలో బంధువుల పెళ్ళికి బయలుదేరినప్పుడు, దారిలో ఎక్కడా దిగే అవసరం రాకూడదని తెల్లవారుజామునుంచి చుక్క నీరు ముట్టలేదు. పెళ్ళిపందిట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో సెలైను ఎక్కించి ఇంటికి తీసుకొనివచ్చినాము. ఆనాటినుంచి "నాకేంటికిరా ఊళ్ళు? మీరు పోయిరాండి" అని గడప దాటడమే మానుకొన్నది.

ఇది మా ఇంటి సంగతి మాత్రమే కాదు. మన ఇళ్ళలో ఆడవారు ప్రయాణం రోజున నీళ్ళు తాగకపోవడం ఒక వ్రతంవలె సాగుతున్నది. దానికి పేరు లేదు గనుక ఎవరి దృష్టికీ రాదు. తలుపు వేసుకొనే మరుగుదొడ్డి ఒకటి వెంట వస్తే అమ్మ మళ్ళీ ఆవని రామలింగేశ్వరుణ్ణి చూడగలదు గదా అన్నదే మా ఆలోచన.

ఇక బండి విషయానికి వద్దాము. దీని పెంకు ఫైబరుగ్లాసు. గాజును వెంట్రుకవంటి పోగులుగా తీసి, చాపగా పరచి, రెసిను అనే జిగురుతో తడిపి గట్టిపరిస్తే వచ్చే పదార్థమది. ఈ మాదిరి చిన్న బండ్లకు పేరు తెచ్చినది కెనడా దేశం. 1968లో విన్నిపెగ్ నగరంలో రే ఒలెకో అనే ఆయన "బోలర్" అనే 13 అడుగుల ట్రైలరును తయారుచేసినాడు. అంతకుముందు ఆయన ఫైబరుగ్లాసుతో సెప్టిక్ ట్యాంకు చేసినవాడు. ఆకారం దొరల గుండ్రని టోపీవలె ఉన్నదని బండికి ఆ టోపీ పేరే పెట్టినారు. కొబ్బరికాయను రెండు చిప్పలుగా చేసి మళ్ళీ అతికించినట్లు, కింది సగం, పై సగం విడివిడిగా అచ్చుపోసి నడుము వద్ద కలుపుతారు. తుప్పు పట్టదు, చెదలు పట్టదు, తేలిక. ఇన్ని సుగుణాలున్నవని విని పుచ్చుకొన్నాము.

కాని పెంకు చెడకపోయినా పెంకులో ఉన్నది చెడుతుంది. నేల ప్లైవుడ్డు. కిటికీలకు, కప్పుమీది గాలిమూతకు, రివెట్లకు పెంకును ఎక్కడెక్కడ తొలిచినారో అక్కడెల్లా నీటికి దారి ఉన్నది. బండి ఇంటికి వచ్చిన మరునాడు లోపల అంగుళం అంగుళం కాలితో నొక్కి చూచినాము. మరుగుదొడ్డి గడప వద్ద నేల మెత్తగా దిగింది. సరిగా అమ్మ పాదం పెట్టవలసిన చోటు! అక్కడ ఆమె కాలు జారితే తుంటి ఎముక విరుగుతుంది. మా బావగారు "అమ్మిపారేయండి, ఇంతటితో పీడ విరగడ" అన్నారు. నేల బాగుపడేవరకు అమ్మను ఎక్కించేది లేదని, అమ్మను ఎక్కించనిదే అమ్మేది లేదని మేము తీర్మానించుకొన్నాము.

మా నాయన గనిలో వైండింగు ఇంజను ఇంట్లో పనిచేసినారు. 10 వేల అడుగులు దాటిన గని అది. మనుషులను దింపే బోను వేలాడేది ఉక్కు తాడుమీద. ఆ తాడును ప్రతి దినం పరీక్షించి పుస్తకంలో వ్రాసి సంతకం చేయవలెను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. బోను నిలిచిపోయింది. ఆ పుస్తకం అలవాటు మాత్రం మా ఇంట్లో నిలిచింది. ట్రైలరుకు కూడా ఒక నోటుపుస్తకం పెట్టినాము. తేదీ, చూచినది, కనబడినది, చేసినది అని నాలుగు గడులు. కొత్తగా ఇటువంటి బండి కొన్నవారికి మేము చెప్పగల మొదటి మాట ఇదే. పనిముట్లకంటె ముందు పుస్తకం కొనండి.

నేల మార్చడానికి ముందు నీరు వచ్చే దారి కనుక్కోవలెను. లేకపోతే కొత్త పలక కూడా పాతదాని దారినే పోతుంది. నీరు కారిన చోటు వేరు, చొరబడిన చోటు వేరు. గోడ వెంట పాకి ఎక్కడో బయటపడుతుంది. ఒకరు లోపల టార్చిలైటుతో కూర్చుండవలెను, ఇంకొకరు బయట గొట్టంతో నీరు పోయవలెను. మొదట కింది భాగం, పది నిమిషాలు ఆగి కిటికీ, మళ్ళీ ఆగి పైకప్పు. పైనుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడిసి ఏది దొంగో తెలియదు. మా బండిలో దొంగ కిటికీ కాదు, గాలిమూత చట్రం. దానిచుట్టూ ఎవరో సిలికాను పూసి ఉన్నారు. సిలికాను పైకి నున్నగా ఉంటుందిగాని, ఒకసారి ఫైబరుగ్లాసు మీద పూసినాక ఆ చోట రంగూ అంటదు, వేరే సీలెంటూ అంటదు. మూడు రోజులు కూర్చుండి గీకి తీసి, చట్రం ఊడదీసి, కింద బ్యూటైలు పట్టీ పరచి మళ్ళీ బిగించినాము. తరువాతనే మెత్తబడిన పలకను గట్టి చెక్క వచ్చేవరకు కోసి, కొత్త పలకకు ఆరు పక్కలా రెసిను పట్టించి అమర్చినాము.

ఒక హెచ్చరిక. లోపల తడి కనబడినప్పుడెల్లా కప్పు కారుతున్నదని అనుకోరాదు. మార్గశిర పుష్యాలలో మన ఊరి చలి మీకు తెలిసినదే. తలుపులు మూసుకొని నలుగురు పడుకొంటే నలుగురి ఊపిరి చల్లని పెంకును తాకి తెల్లవారేసరికి బొట్లుగా దిగుతుంది. వాన లేని రాత్రి తడిసిన గోడకు మందు సీలెంటు కాదు, రెండు వేళ్ళంత తెరచిన కిటికీ.

పెంకుమీద పగుళ్ళు రెండు విధములు. సాలెగూడువలె సన్నగా పైపూత మీదనే ఉన్నవి భయంకరం కావు. లోపలివైపు కూడా గీత కనబడితే అది లోతు పగులు. గనుల కాలంలో ఎయిర్ బ్లాస్టు వచ్చి లైన్ల గోడలు చీలితే, మా నాయన పగులు కొసను పెన్సిలుతో గీత గీసి తేదీ వేసేవారు. గీత దాటితే పెరుగుతున్నదని లెక్క. ఆ పద్ధతే ఇక్కడనూ పాటించినాము. తలుపు మూల పగులు నెల తిరగకుండా గీత దాటింది. పగులు కొసను చిన్న రంధ్రం తొలిస్తే అది ముందుకు పాకడం ఆగుతుంది. తరువాత లోపలివైపు గరుకుగా రుద్ది, గాజుచాప ముక్కలు ఒకదానికంటె ఒకటి పెద్దవిగా రెసినుతో అంటించవలెను. గట్టిపరిచే మందు కొద్దిగానే కలుపవలెను. మన మధ్యాహ్నపు ఎండలో రెసిను గిన్నెలోనే గడ్డకడుతుంది గనుక ఈ పని ఉదయమే చేయవలెను. ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు తప్పనిసరి.

ఇక ధూళి. మన ఊరి సైనైడు దిబ్బల సంగతి మనకు కొత్త కాదు. గాలి తిరిగినదంటే ఆ తెల్లటి పొడి ఇంట్లో అన్నం గిన్నెదాకా వస్తుంది. అది గనిరాయిని మెత్తగా నూరిన పొడి. పొడిగుడ్డతో తుడిస్తే బండికి గరుకుకాగితం పెట్టి రుద్దినట్లే! మొదట ధారాళంగా నీరు పోసి ధూళి జారిపోనిచ్చి, ఆ తరువాతనే మెత్తటి గుడ్డ వాడవలెను. ఏడాదికి రెండుమార్లు మైనం పట్టిస్తే ఎండకు పైపూత సున్నంవలె పొడిరాలకుండా ఉంటుంది.

కరెంటు విషయంలో ఒక విచిత్రం జరిగింది. ఎడమవైపు మలుపు దీపం వేస్తే వెనుక దీపాలన్నీ మసకమసకగా మినుకుమినుకుమన్నవి. బల్బులు మార్చినా అంతే. ఒక దీపం వేస్తే సంబంధం లేని దీపం వెలిగినదంటే చాలావరకు ఎర్తు వైరే కారణం. ఫైబరుగ్లాసు గుండా కరెంటు పారదు గనుక ప్రతి దీపానికీ తిరుగుదారి వైరు వేరుగా ఉండవలెను. ఆ వైరు ఇనుప చట్రానికి బిగించిన బోల్టు తుప్పుపట్టింది. గీకి, శుభ్రపరచి, బిగించి, గ్రీజు పూసేసరికి పావుగంటలో దీపాలు దారికి వచ్చినవి. 1902లోనే శివసముద్రంనుంచి కరెంటు తెప్పించుకొన్న ఊరివారము, ఒక బోల్టుకు లొంగుతామా? బ్యాటరీ వోల్టులు 12.6 చూపితే నిండుగా ఉన్నట్లు, 12కు దిగితే వెంటనే చార్జి చేయవలసినట్లు లెక్క.

గ్యాసు విషయం నవ్వులాట కాదు. వంటగ్యాసు గాలికంటె బరువు. కారితే నేలమీద మడుగువలె నిలుస్తుంది. అందుచేత నేలకు ఆనుకొని ఒక గాలిరంధ్రం ఉండవలెను. దానిని చలికని, ఎలుకలకని మూయరాదు. ప్రతి ప్రయాణానికి ముందు గొట్టం అతుకులమీద సబ్బునురుగు పూసి బుడగలు చూడవలెను. అగ్గిపుల్ల గీచి చూడడం ప్రాణాంతకం. గొట్టానికి అయిదేళ్ళు నిండితే పైకి బాగున్నా మార్చవలెను. తలుపులన్నీ మూసి పొయ్యి వెలిగించుకొని చలి కాచుకోవడం మరింత ప్రమాదం. కనబడని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

నీళ్ళకు మనది పేరుపడిన కరవు జిల్లా. నిండుగా పారే నది లేదు, వెయ్యి అడుగులు దాటి తొలిచిన బోర్లలో వచ్చేది ఉప్పునీరు. ఆ నీరు ట్యాంకులో నిలిస్తే చిన్న మోటారు నోట సున్నం కడుతుంది. మోటారు చప్పుడు చేస్తూ నీరు రాకపోతే ముందు జల్లెడ విప్పి నిమ్మరసంలో నానవేయండి. చాలావరకు జబ్బు అక్కడే ఉంటుంది. బండిని నిలిపినప్పుడు ట్యాంకు ఖాళీ చేసి ఉంచవలెను. మరుగుదొడ్డి డబ్బాను ఇంటి మరుగుదొడ్డిలోనే ఖాళీ చేయవలెనుగాని చెరువు గట్టున కాదని వేరే చెప్పనక్కరలేదు.

బరువు సర్దడం కూడా ఒక విద్య. వెనుక ఎక్కువ బరువుంటే బండి రోడ్డుమీద తోక ఆడిస్తుంది. ఆ ఊపు పెరిగితే జీపును కూడా పక్కకు లాగివేస్తుంది. మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు కొక్కెంమీద పడవలెను. మా బండి సామానుతో 640 కిలోలు తూగింది. అనగా కొక్కెంమీద 64 కిలోలకు తగ్గరాదు, 96కు మించరాదు. తూనికలో 40 మాత్రమే వచ్చింది. బ్యాటరీని, గ్యాసు సిలిండరును ముందుకు మార్చి 75కు తెచ్చినాము.

ఇంత చేసి, అమ్మకోసం గడప పక్కన పట్టుకొనే కమ్మీ బిగించి, రెండు చెక్కమెట్లు చేయించి, ఆవనికి బయలుదేరినాము. అమ్మ జీపులోనే కూర్చున్నది. బండి నడిచేటప్పుడు ట్రైలరులో మనిషి ఉండరాదు. బేతమంగళం వద్ద మొదటి మజిలీ. ఆగిన ప్రతిచోటా చక్రాల నడిమి హబ్బును వేళ్ళతో తాకి చూడవలెనని మా పుస్తకంలో మొదటి పుటలోనే ఉన్నది. కుడిది గోరువెచ్చగా ఉన్నది. ఎడమది తాకితే చేయి నిలవలేదు! బేరింగులకు కొత్త గ్రీజు వేయించినట్లు అమ్మినవారు రసీదు చూపినారు. మేమూ ఇంట్లో జాకీ ఎత్తి చక్రం ఊపి చూచినాము, వదులు లేదు. నిలిచిన బండి దాచినది నడిచిన బండి చెప్పింది.

ఆవని ఇంకెంతో దూరం లేదు. "మెల్లగా పోతే చేరుతామేమో" అన్నాడు మా తమ్ముడు. కాలిన బేరింగు విరిగితే చక్రమే ఊడిపోతుంది. అడుగైనా కదల్చేది లేదన్నాము. అమ్మ ముఖం చూడడానికి మాకు ధైర్యం చాలలేదు. మూడేళ్ళ తరువాత గడప దాటిన మనిషి! చెరువు సమీపంలో ఒక టమోటా రైతు తన కళ్ళంలో బండి నిలుపుకోనిచ్చినాడు. పాలారు నీటిని ఆపి మన గనులకు తాగునీరిచ్చిన ఆ చెరువును చూస్తూ అమ్మ మెట్లమీద కూర్చున్నది. సాయంకాలం చెంబెడు నీళ్ళు అడిగి నిండా తాగింది. భోజనమైన తరువాత మళ్ళీ తాగింది. రాత్రి మూడుసార్లు లేచింది. మూడుసార్లూ ఎవరినీ లేపకుండా తానే కమ్మీ పట్టుకొని పోయివచ్చింది. కొత్త పలక కిర్రుమనలేదు.

తెల్లవారి ట్రాక్టరు ట్రైలర్లు బాగుచేసే మేస్త్రీ వచ్చినాడు. హబ్బు విప్పితే గ్రీజు నీరు కలిసి సబ్బువలె తెల్లబడి ఉన్నది. సీలు చినిగింది, బేరింగు గుండ్లమీద మశూచి మచ్చలు. కొత్త బేరింగులు, సీలు వేసి, అరచేతిలో గ్రీజు పెట్టుకొని గుండ్ల సందుల్లోకి నిండా నొక్కినాడు. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, మళ్ళీ కొంచెం వదలి, కొత్త పిన్ను తగిలించినాడు. కుడి చక్రానికీ అదే సేవ చేయించినాము. పోతూ పోతూ అన్నాడు. "టమోటా బండికే ఏటేటా గ్రీజు కొడతాము సామీ. మనుషులు పండుకునే బండికి ఏంటికి కొట్టరు?" దానికి మావద్ద జవాబు లేదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్లు వ్రాసుకొన్నాము.

ఆ మధ్యాహ్నమే ఆవని చేరినాము. నొళంబ రాజుల నాటి ఆ గుళ్ళలో రామలింగేశ్వరుణ్ణి, లక్ష్మణేశ్వరుణ్ణి చూచింది అమ్మ. లవకుశులు పుట్టిన చోటని చెప్పే కొండ ఎక్కలేక కిందనుంచే చేతులు జోడించింది. ఆ తరువాత ఇప్పటికి కురుడుమలె వినాయకుణ్ణి, కోలారమ్మను కూడా దర్శించి వచ్చింది. అంతరగంగకు పోయినప్పుడు మాత్రం కోతులు గాలిమూతను పీకి చూచినవి. దానికింకా మందు దొరకలేదు.

మా బావగారు ఇప్పుడు అమ్మమని అనడం లేదు. వారి తల్లిగారికి కాణిపాకం చూడవలెనని కోరిక ఉన్నదట. మన సంఘ కుటుంబాలలో ఇల్లు కదలలేని పెద్దవారు ఇంకెందరో ఉందురు. తగిన జీపు, తోలే చేయి ఉన్నవారు వచ్చి బండి తీసుకొనిపోవచ్చును. అద్దె లేదు. తిరిగి తెచ్చేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, నోటుపుస్తకంలో నాలుగు గడులూ నింపి సంతకం చేసి ఇవ్వవలెను. అంతే.